చిన్ని చేతిలో లైటర్

ఇది ఎవరికైనా చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఈ మధ్యాహ్నం మామిడికుదురులో మా పక్కింటి వంటింట్లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించింది. వెళ్లి వాళ్ల కిటికీలోంచి చూస్తే ఐదేళ్ల చిన్ని పీట మీద నిలబడి గ్యాస్ పొయ్యి లైటర్ నొక్కుతోంది. తల్లి కువైట్‌లో పనిచేస్తోంది, పిల్ల అమ్మమ్మ సత్యవతిగారి దగ్గర ఉంటోంది. వీధి తలుపుకు బయట తాళం వేసి ఉంది.

అరిస్తే బెదిరిపోతుందని, "చిన్నీ, ఆ లైటర్ భలే ఉందే, ఓసారి చూపించవా?" అన్నాను. దిగి వచ్చి ఊచల్లోంచి ఇచ్చింది. గంటసేపు కథలు చెబుతూ పిల్లని కిటికీ దగ్గరే ఉంచాను.

సత్యవతిగారు ఆసుపత్రి చీటీతో వచ్చారు. నాకు కోపం ఆగలేదు. "పిల్లని ఇలా వదిలేస్తే కేసవుతుందండీ. పెంచేవాళ్లకైనా మూడేళ్ల దాకా జైలు వేయొచ్చట," అన్నాను.

ఆవిడ నా చేతిలో లైటర్ చూసి గబగబా తాళం తీసి చిన్నిని ఎత్తుకున్నారు. "షుగరు పరీక్షకెళ్లేనండీ. ఎవరికప్పజెప్పను?"

"మా ఇంట్లో దింపొచ్చు కదండీ?"

"మీరెప్పుడూ తలుపేసుకునుంటారు కదండీ," అన్నారు నెమ్మదిగా.

ఇకమీదట ఎక్కడికెళ్లినా చిన్నిని నా దగ్గర వదలమన్నాను. "ఆయ్," అన్నారు గానీ మొహంలో నమ్మకం కనబడలేదు.

చట్టం చెప్పడం నాకు బాగానే వచ్చింది. మీ పక్కింటివాళ్లు అవసరమైతే మీ తలుపు తడతారా? నిజం చెప్పండి.