శాలిబండ పెద్దమ్మ, పుల్ల కేకులు

మా పెద్దమ్మ పోయిన మంగళవారం చనిపోయింది. ఈ వాక్యం రాసి మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. ముందురోజు సాయంత్రం నేను ఆమె వంటింట్లోనే ఉన్నాను. "రేపు పొద్దుగాల్నే రా, పుల్లలకు రిబ్బన్లు కట్టేదుంది" అంది. పొద్దున పెదనాన్న ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ లేస్తలేదే. చాయ్ పెట్టి పిలిచిన. లేస్తలేదు" అన్నాడు. నేను రిబ్బన్లు సంచీలో వేసుకునే పరుగెత్తాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. ఆమెకు కనీసం జ్వరం కూడా లేదు.

అమ్మకు అక్క. ఏళ్ల తరబడి సిటీ బస్సు కండక్టరు. రిటైరయ్యాక కూడా గొంతు తగ్గలేదు. పిల్లలు వంటింటి గుమ్మంలో మూగితే, "లోపలికి జరుగుండ్రి, డోరు కాడ నిలవడొద్దు!" అని అరిచేది.

పెద్దమ్మ పుల్ల కేకులు మా పాప పుట్టినరోజున మొదలయ్యాయి. కేకు తెస్తుంటే షేర్ ఆటో గుంతలో ఎగిరి, పెట్టె నా ఒళ్లోంచి జారిపడింది. ఇంటికొచ్చి తెరిస్తే అంతా ముద్ద. నాకు ఏడుపొచ్చింది.

"ఇరిగింది కేకు గదా, కాలు గాదు గదా. ఎందుకేడుస్తవ్?" అంటూ పెద్దమ్మ దాన్ని పళ్లెంలో చిదిమింది. క్రీమంతా అందులోనే కలిపి లడ్డూల్లా చుట్టి, ఐస్‌క్రీమ్ పుల్లలు గుచ్చి, కరిగించిన చాక్లెట్‌లో ముంచింది. సగం ఉండలు పుల్లల నుంచి జారి గిన్నెలోనే పడ్డాయి. పిల్లలు స్పూన్లతో వాటి మీద పడ్డారు.

ఆ తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి పట్టుబట్టి నేర్చుకుంది. పుల్ల కొసను ముందుగా చాక్లెట్‌లో అద్ది గుచ్చేది. అలా చేస్తే ఉండ జారదు. ఉండ మరీ చల్లగా ఉంటే పైపూత పగులుతుందని ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టేది. నేను తొందరపడితే, "బస్సు ఆగినంకనే దిగాలె బిడ్డా" అనేది. ఆ మాట వంటింటి బయట కూడా నాకు చాలాసార్లు పనికొచ్చింది.

బోనాలకు, రంజాన్‌కు, సందులో ఎవరి పిల్లల పరీక్షలైపోయినా చేసేది. ఆ సోమవారం చేసినవి మాత్రం పై వాటాలో అద్దెకుండే పిల్ల నిశ్చితార్థానికి. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల స్కూలు నుంచి రాగానే పెద్దమ్మ దగ్గరికే దిగేది. "లడ్డూలు ఎవలైనా పంచుతరు. నా ఎంగేజ్‌మెంట్ల నీ కేకులే ఉండాలె" అని అడిగింది.

దహనం అయి పెద్దమ్మ ఇంటికొచ్చాక, నీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచాను. థర్మోకోల్ ముక్కకు గుచ్చి, పైన గులాబీరంగు చక్కెర పలుకులు చల్లిన పుల్ల కేకులు వరుసగా నిలబడి ఉన్నాయి. నీళ్లు తీసుకోకుండానే తలుపు మూసేశాను.

చావింటి తీపిని శుభకార్యానికి పంపేదెలా? ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు ఆ పిల్లే దిగొచ్చింది. వెనకే తల్లి. "వద్దే, అబ్బాయోళ్లు ఏమనుకుంటరో!"

పిల్ల వినలేదు. పెదనాన్న పక్కన కింద కూర్చుంది. "బాపూ, అవి నా కోసమే చేసింది గదా. నాకిస్తవా?"

ఆయన ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించాడు. "ఆమె బతికుండంగ చేసింది బిడ్డా. వాటికి మైలెక్కడిది? తీస్కపో."

నేనూ ఆ పిల్లా అక్కడే కూర్చుని రిబ్బన్లు కట్టాం.

నిశ్చితార్థానికి మేం వెళ్లలేదు. అవి ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ఆ పిల్లే కాబోయే అత్తకు చెప్పిందట. ఆవిడ అందరికంటే ముందు ఒకటి తీసుకుని, "గింత మంచిగ చేసినామెను చూడకపోతిని" అందట.

ఫంక్షన్ కాగానే ఆ పిల్ల పట్టుచీర కూడా మార్చుకోకుండా వచ్చి, దాచి తెచ్చిన ఒక్కటి పెదనాన్న చేతిలో పెట్టింది. ఆయన కొరికాడు. మెల్లగా నమిలాడు.

"ఏందే, జర తీపెక్కువైంది" అన్నాడు వంటింటి వైపు తిరిగి.

జవాబు రావాల్సి ఉన్నట్టు, అటే చూస్తూ కూర్చున్నాడు.