బకెట్టు కొలత

బందరులో సలాం షెడ్డు ఎక్కడని అడిగితే, పాతవాళ్లు ఇప్పటికీ "సలాం, దుర్గారావుల షెడ్డేనా" అని ఎదురు అడుగుతారు. బోర్డు మీద మాత్రం మొదటినుంచీ సలాం పేరొక్కటే ఉంది. ముప్పై ఏళ్ల కిందట ఆ బోర్డు రాయించిన రోజున దుర్గారావే అడ్డుపడ్డాడు. రెండు పేర్లు పెడితే రెండూ చిన్నవైపోయి రోడ్డు మీంచి కనిపించవని, ఒకటి చాల్లే బావా అని తేల్చేశాడు.

సలాం గిలకలదిండి రేవులో బోటు ఇంజన్ల మీద పని నేర్చుకున్నవాడు. దుర్గారావుది ఘంటసాల, వరిచేలకు నీళ్లు తోడే ఆయిలింజన్లు విప్పి బిగించి చేతులు నల్లబడ్డాక కార్ల పనికి వచ్చాడు. కలిసిన వారానికే ఒకరినొకరు బావా అంటే బావా అనుకున్నారు. ఆ వరసనే దుర్గారావు భార్య సత్యవతికి సలాం అన్నయ్య అయ్యాడు. సలాం చెవితో పనిచేస్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్ మీద, రెండో కొస చెవి దగ్గర ఆనించి, ఏ బేరింగు పోయిందో చెబుతాడు. దుర్గారావు చేత్తో పనిచేస్తాడు. గొట్టం మీద అరచెయ్యి వేసి వేడి ఎంతో చెబితే థర్మామీటర్ పెట్టి చూడాల్సిన పని ఉండేది కాదు.

జనవరిలో గుడివాడ నుంచి శ్రీహరి తన కారు తెచ్చాడు. చేపల చెరువులున్న మనిషి, వేగమంటే పిచ్చి. ఉన్న టర్బో తీసి పెద్దది పెట్టించుకున్నాడు. టర్బో గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడి గాలితో ఇంజన్ బలం తగ్గుతుంది. ఆ గాలిని చల్లార్చడానికి నీళ్లతో పనిచేసే ఇంటర్‌కూలర్ కూడా తెప్పించాడు. చూడ్డానికి అల్యూమినియం పెట్టె. లోపల సన్నటి దారులు, వాటిలో నీళ్లు. అక్కడ వేడెక్కిన నీళ్లు కారు ముందున్న చిన్న రేడియేటర్‌కి వెళ్లి చల్లారి, తిరిగి రావాలి. సామానంతా వచ్చింది గానీ నీళ్లు తిప్పే పంపు మాత్రం అందులో లేదు. అది మీరే చూసి పెట్టండని చెప్పి శ్రీహరి వెళ్లిపోయాడు.

దుర్గారావు విజయవాడ వెళ్లి అరచేతిలో పట్టే పంపొకటి తెచ్చాడు. సలాం రేవుకి వెళ్లి, బోటు అడుగున చేరే నీళ్లు తోడే పంపు తెచ్చాడు. చెంబంత ఉంది.

ఈ డెల్టాలో పంపుని కొలిచే పద్ధతి ఒకటే. చేలోదైనా చేపల చెరువుదైనా, గొట్టం వదిలిపెట్టి, కింద బకెట్టు పెట్టి, నిండేదాకా అంకెలు లెక్కపెడతారు. ఎక్కువ పోసేదే మంచి పంపు. సలాం అదే చేశాడు. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టుని బోటు పంపు పాతిక లెక్కపెట్టేసరికి నింపేసింది. చిన్న పంపుకి డెబ్బై దాటింది. పక్క టీ కొట్టు దగ్గరున్న నలుగురూ చుట్టూ చేరారు. పసిపిల్లాడి ఉచ్చ ఇంతకన్నా జోరుగా వస్తుంది కదయ్యా అని సలాం అంటే అందరూ నవ్వారు. దుర్గారావు కూడా కాస్త నవ్వాడు.

"గాల్లోకి వదిలి కొలిస్తే ఎలా బావా? ఆ పెట్టెలోంచి, రేడియేటర్‌లోంచి పంపించి కొలువు. ఇరుకులో తోసే బలం దేనికుందో తెలుస్తుంది."

మంచి మాటే. కానీ నలుగురి ముందు అన్నాడు. సలాం బకెట్టు కాలితో తన్ని, నా షెడ్డులో పనిచేస్తూ నాకే పాఠాలు చెబుతావా అన్నాడు.

ముప్పై ఏళ్లలో ఆ షెడ్డుని "నా షెడ్డు" అని వాళ్లిద్దరిలో ఎవరూ అనలేదు. దుర్గారావు చేతులు కడుక్కున్నాడు. చిన్న పంపుని గుడ్డలో చుట్టి పైఅరలో పెట్టాడు. బస్సు టైమైందని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

సలాం బోటు పంపే బిగించాడు. జనవరి చలిలో కారు దూసుకుపోయింది, శ్రీహరి మెచ్చుకున్నాడు. ఇంట్లో భార్య అనీసా రోజూ పోరింది, ఓసారి ఘంటసాల వెళ్లి రమ్మని. తప్పు చేసినవాడు కదా వెళ్లాల్సింది అనేవాడు. ఆ తప్పు చేసినవాడెవరో ఆమె అడగలేదు. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం దుర్గారావు నంబరు నుంచి ఫోను మోగింది. సలాం పేరు చూశాడు, ఎత్తలేదు. వెంటనే మళ్లీ మోగింది. మూడోసారి చేస్తే ఎత్తుదామనుకుని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. మూడోసారి మోగలేదు.

మే నెల ఎండల్లో శ్రీహరి కారు తిరిగొచ్చింది. గుడివాడలో బయల్దేరితే పామర్రు దాకా బాగానే లాగుతోందట, గూడూరు దగ్గరికొచ్చేసరికి నీరసపడుతోందట. సలాం గొట్టాలు మార్చాడు. నీళ్ల దారిలో గాలి చేరిందేమోనని రెండుసార్లు ఆ గాలి తీసేశాడు. చెవి పెట్టి విన్నాడు. పంపు చక్కగా తిరుగుతోంది. ఇక చేసేదేమీ లేక, దుర్గారావు పెట్టినట్టు చెయ్యి పెట్టి చూశాడు. పెట్టె ముట్టుకోలేనంత వేడిగా ఉంది. ముందున్న చిన్న రేడియేటర్‌కి ఆ వేడే చేరలేదు. పంపు తిరుగుతోంది గానీ నీళ్లు తిరగడం లేదు.

షట్టరు సగం దించి, ఎవరూ చూడకుండా బకెట్టు తెచ్చాడు. ఈసారి నీళ్లని పెట్టెలోంచి, రేడియేటర్‌లోంచి పోనిచ్చి కొలిచాడు. బోటు పంపుకి నూట ఎనభై దాటినా బకెట్టు నిండలేదు. పైఅరలోని గుడ్డమూట విప్పి చిన్న పంపు తగిలించాడు. వంద లెక్కపెట్టేలోగా నిండింది.

ఇది ఫోన్లో చెప్పే మాట కాదనుకున్నాడు. చిన్న పంపు బిగించి, నడిపి చూడాలని శ్రీహరికి చెప్పి, ఆ కారులోనే ఘంటసాల బయల్దేరాడు. దారి పొడవునా ఎండ మండిపోతున్నా కారు ఎక్కడా తగ్గలేదు. నువ్వే గెలిచావు, రేపు పొద్దున బస్సుకి రా అని చెప్పాలి. బోర్డు మీద రెండో పేరు సంగతి కూడా ఎత్తాలి. ఏది ముందు చెప్పాలో దారిలోనే అనుకున్నాడు.

దుర్గారావు వసారాలో కుర్చీలో ఉన్నాడు. మూతి ఒక పక్కకి లాగేసింది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. సత్యవతి చీర చెంగుతో అతని గడ్డం తుడిచి, లేచి నిలబడింది.

"ఏప్రిల్లో పక్షవాతం వచ్చిందన్నయ్యా. ఆసుపత్రి నుంచి ఆయన ఫోన్లోంచే మీకు రెండుసార్లు చేశాను. పనిలో ఉన్నారనుకున్నా."

నిష్ఠూరంగా అనలేదు. మాట పూర్తిగా పోయిందని, మనం చెప్పేది ఒక్కోరోజు అర్థమైనట్టుంటుందని, ఒక్కోరోజు తనని కూడా పోల్చుకోడని ఆమె చెప్పింది.

సలాం కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "బావా, నువ్వు చెప్పినట్టే కొలిచాను. చిన్నదే నిలబడింది," అన్నాడు. దుర్గారావు అతని మొహంలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

కారుని వసారా అంచుదాకా తెచ్చి, ఇంజన్ ఆపకుండా బానెట్ ఎత్తాడు సలాం. సత్యవతీ తనూ కలిసి కుర్చీని దగ్గరికి జరిపారు. దుర్గారావు ఎడమచెయ్యి పట్టుకుని నీళ్ల గొట్టం మీద పెట్టాడు. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంది. వేడి ఎంతో చెబుతాడన్నట్టు సలాం చాలాసేపు చూశాడు. తర్వాత తనే ఆ చెయ్యి తీసి మళ్లీ ఒళ్లో పెట్టాడు.

గొడవ దేనికొచ్చిందని సత్యవతి అప్పుడడిగింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదట. సలాం వేలుపెట్టి చూపించాడు. ఆమె వంగి, గొట్టాల మధ్య నల్లగా, నిమ్మకాయకన్నా కాస్త పెద్దగా ఉన్న పంపుని చూసింది.

"ఇంత దానికా అన్నయ్యా?"

సలాం బానెట్ మూశాడు. ఇంజన్ ఇంకా తిరుగుతోంది. అలవాటుకొద్దీ చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా ఏ తేడా లేదు.