గొర్రెపిల్ల దిగే మలుపు

నా చిన్నప్పుడు మా వైపు వానకూ నా నోటికీ ఒకటే అలవాటు. అందరూ ఎదురుచూసినప్పుడు రెండూ వచ్చేవి కావు. కొత్తవాళ్లు పలకరిస్తే చాలు, నాలుక మొద్దుబారేది, చేతులు నావి కానట్టు వేలాడేవి. భయమని కూడా తెలిసేది కాదు. ఏమీ అనిపించేది కాదు.

ముదిగుబ్బ దగ్గర మా అవ్వ వాళ్ల ఊరు. సెలవులకు పోయి, బస్సులో ఒక్కదాన్నే తిరిగొచ్చేదాన్ని. మా ఊరి మలుపులో ఎవరో ఒకరు "ఆపన్నా" అని అరిస్తేనే బస్సు ఆగుతుంది. ఆ ఒక్క మాట రాక, ఒక వేసవిలో మా మలుపు కిటికీలోంచి వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. తర్వాతి ఊళ్లో జనంతో పాటు దిగి ఎండలో నడిచి వచ్చాను. కొన్న టికెట్టు కంటే ఎక్కువ దూరం తిరిగొచ్చానని మా నాయన నవ్వాడు. సంగతి మా అవ్వ దాకా పోయింది.

మరుసటి సెలవుల్లో, నేను బయల్దేరేటప్పుడు, అవ్వ నా చేతుల్లో ఒక గొర్రెపిల్లను పెట్టింది. దాని తల్లి ఈనిన మర్నాడే చచ్చిపోయింది. మా ఇంట్లోనేమో ఒక గొర్రెకు పిల్ల చచ్చిపోయి, పొదుగు బరువుతో అరుస్తోందని కబురొచ్చింది. తల్లి లేని పిల్లకు ఉప్పునీళ్లు రుద్ది అలాంటి గొర్రె ముందు వదిలితే, ఉప్పు కోసం నాకుతూ నాకుతూ తనదే అనుకుని పాలిస్తుంది. మా ఇళ్లలో అది మామూలే.

"పొద్దు గుంకేలోపల దీనికి పాలు పడల్ల పాపా. నువ్వు దిగకపోతే ఇది బతకదు" అంది అవ్వ.

బస్సులో దాన్ని ఎడమ చేత్తో పొట్టకు ఆనించుకుని కూర్చున్నాను. అందరూ దాన్నే చూశారు, నన్నెవరూ చూడలేదు. పక్కనామె పొట్టేలా అని అడిగితే కాదు, ఆడపిల్ల అన్నాను. తల్లి యాడుందంటే అదీ చెప్పాను. నా గొంతు ఎవరిదో అన్నట్టు వినిపించింది.

మలుపు దగ్గరపడింది. చేతులు మళ్లీ మొద్దుబారాయి. ఆ చేతుల్లో దాని గుండె మాత్రం టకటకా కొట్టుకుంటోంది.

"అన్నా, ఆపన్నా. గొర్రెపిల్ల దిగల్ల."

అందరూ నవ్వారు. "టికెట్టు తీసుకుండాదా అది?" అంటూ కండక్టరు విజిల్ వేశాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. దిగాను.

ఆ సాయంత్రం మా గొర్రె దాన్ని ముందు కుమ్మింది, తర్వాత నాకింది.

ఆ రోజే మా మామ మోటారుసైకిల్ మీద మా ఊరికి వస్తూ గొర్రెపిల్లను తెస్తానన్నాడట. అవ్వే వద్దందని పెద్దయ్యాక తెలిసింది.

తల నెరుస్తోంది గానీ ఆ మొద్దుబారడం పోలేదు. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో కౌంటరు ముందు నా వంతు వచ్చినప్పుడు, నా ఎడమ చెయ్యి దానంతట అదే వంగి పొట్టకు ఆనుకుంటుంది. ఎవరి కోసం వచ్చానో తలుచుకుని, అడుగుతాను.