పడుకోను తావు

కడప జైల్లో మా నాయన పక్కకు తిరిగే పడుకునేవాడు. వెల్లకిలా పడుకునేంత చోటు లేదు. పొలం గట్టు తగాదాలో ఒకాయన చనిపోతే నాయనకు యావజ్జీవం పడింది. ఆత్మకూరు దగ్గరి మా ఊరి నుంచి అమ్మ నెలకోసారి ములాఖత్‌కు పోయేది. ఇంటర్ చదువుతున్న నేను సెలవులుంటే వెంట పోయేదాన్ని. సెల్‌ఫోన్లు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

ములాఖత్‌లో ఇనుప జాలీకి ఇటు మేము, అటు వాళ్లు. అందరూ ఒకేసారి అరుస్తుంటే ఎవరి మొగుడు ఎవరితో మాట్లాడుతున్నాడో తెలిసేది కాదు. ఆ గోలలోనే నాయన నవ్వుతూ చెప్పాడు.

"పండుకోను తావు ల్యాదే. ఒకడు పక్కకు తిరిగితే వరసంతా తిరగాల."

నాకూ నవ్వొచ్చింది. అమ్మకు మాత్రం రాలేదు. ఆ రాత్రి నుంచి ఆమె కూడా సరిగా నిద్రపోలేదు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆరాధన అయ్యాక ఎవరి బాధ వాళ్లు లేచి చెప్పుకుంటారు, సంఘమంతా దానికోసం ప్రార్థిస్తుంది. అడిగింది జరిగితే మళ్లీ లేచి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. నాయన విడుదల కోసం అడగడానికి అమ్మకు ముఖం చెల్లలేదు. చనిపోయినాయన భార్య ఆడవాళ్ల వైపు మాకు ముందు వరసలోనే కూర్చునేది. అందుకని అమ్మ చిన్న కోరికే కోరింది.

"మా ఇంటాయనకు పండుకోను తావు దొరకాలని ప్రార్థన చేయండమ్మా."

చేశారు. వారం వారం కళ్లు మూసుకుని, చేతులెత్తి గట్టిగా చేశారు.

ఆ వేసవిలో అమ్మ ములాఖత్‌కు పోతే గేటు దగ్గరి జవాను చెప్పాడు. "మీ ఆయన్ను విశాఖకు పంపినార్లేమ్మా. ఈడ తావు చాల్లేదు. కోర్టు వాయిదాలు లేనోళ్లను, గొడవ చేయనోళ్లను ఏరి పంపినారు." నాయన ఎవరి జోలికీ పోని ఖైదీ కాబట్టి రాష్ట్రానికి ఆ చివర పడ్డాడు.

చర్చిలో ఆడవాళ్లు సంబరపడ్డారు. "దేవుడు ఇన్నాడు చూస్తివా! సాక్ష్యం ఎప్పుడు చెప్తావు?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. తావు అడిగితే మనిషినే దూరం చేసేస్తాడా అని దేవుడి మీద కూడా కోపం వచ్చింది. అమ్మ మాత్రం సాక్ష్యాల సమయానికి ఏదో పనున్నట్టు లేచి బయటికి పోయేది.

శనక్కాయలు పీకడం అయ్యాక ఇద్దరం విశాఖ పోయాం. బస్సు, రైలు, మళ్లీ రైలు. దారంతా అమ్మ చెప్పాల్సినవి గొణుక్కుంటూ వచ్చింది. ఎట్లయినా కడపకు పంపమని జైలు పెద్దసారును అడుక్కోమని నాయనకు చెప్పాలన్నది వాటిలో మొదటిది.

నాయన వచ్చాడు. బుగ్గలు నిండాయి, కళ్ల కింది నలుపు పోయింది.

"ఈడ ఎల్లెలకల పండుకుంటాండా. కాళ్లు సాపుకుంటాండా," అన్నాడు, కొత్త ఇల్లు కట్టించినంత సంతోషంగా.

అమ్మ ఇంటి సంగతులు, బర్రె సంగతి చెప్పింది. కడప మాట ఎత్తలేదు. మళ్లీ ఎప్పుడొస్తావని ఆయన అడగలేదు. రెండోసారి రావడం మా వల్ల అయ్యే పని కాదని ముగ్గురికీ తెలుసు. తిరుగు రైల్లో అమ్మ, "మొగం తేటగుండాది గదమ్మే," అని పదే పదే అడిగింది. అవునని చెబుతూ వచ్చాను.

తర్వాతి ఆదివారం అమ్మ బయటికి పోలేదు. లేచి నిలబడింది.

"మా ఇంటాయన కాళ్లు సాపుకొని నిద్రపోతాండాడు. దేవునికి స్తోత్రం."

అందరూ ఆమెన్ అన్నారు. పాస్టరయ్య మంచివాడు, అమ్మ ముఖం చూసి ఆగాడు. "ఆయన్ను మళ్లా కడపకు తెమ్మని ప్రార్థన చేద్దామా తల్లీ?" అని అడిగాడు.

అమ్మ కొంగు సర్దుకుంది.

"వద్దయ్యా," అంది. "పండుకోనీ."