గడ్డం కింద రిమోట్

వాచీలు బాగుచేసే ఆయన ఏ వస్తువు చెడినా ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. భార్య పోయిన నెలకు కారు రిమోట్‌నూ అలాగే విన్నాడు. కారు పక్కన నిలబడి నొక్కితే తాళం పడుతోంది, మూడో అంతస్తు కిటికీలోంచి నొక్కితే పడటం లేదు. విప్పాడు, బ్యాటరీ మార్చాడు, చిలుము గీకాడు. కిటికీలోంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇన్నేళ్లూ ఆ కిటికీలోంచి తాళం వేసింది ఆవిడే, రిమోట్‌ను గడ్డం కింద ఆనించుకుని.

"గడ్డంతో తాళం వేస్తారటే?" అని ఆయన ఏడిపించేవాడు.

"నా మాటైతే వింటుందండీ," అనేది.

ఈ సాయంత్రం ఆయనా సిగ్గుపడుతూనే రిమోట్‌ను గడ్డం కింద పెట్టుకుని నొక్కాడు. కింద కారు రెండు కళ్లూ ఆర్పింది.

"నా మాటా విందే," అన్నాడు, వంటింటి వైపు తిరిగి.