తెల్ల ప్లాస్టరు మీది పేర్లు

మా టైపు టీచరుగారు పోయారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం, బాపట్లలో నేను పనిచేసే ఆఫీసుకు ఆవిడ చెల్లెలు ఫోను చేశారు. "అక్క పొద్దున పోయిందమ్మా. క్లాసు తాళం తీయబోయి మెట్ల మీద కూర్చుండిపోయింది. నీకు చెప్పాలనిపించింది," అన్నారు. నేను "అలాగేనండి" అన్నాను. అలాంటి కబురుకు అలాగేనండి అనకూడదని ఫోను పెట్టేశాక తెలిసింది.

కావలసిన మాట కావలసిన సమయానికి నోట్లోంచి రాకపోవడం నాకు చిన్నప్పటి జబ్బు. దానికి టీచరుగారు ఒక మందు కనిపెట్టారు. ముందు ఆ జబ్బును కొంచెం పెంచింది కూడా ఆవిడే. రెండూ చెప్పకపోతే ఆవిడే ఒప్పుకోరు.

రేపల్లె స్టేషను రోడ్డులో మందుల షాపు పైన ఉండేది ఆవిడ ఇన్‌స్టిట్యూట్. ఒకటే పొడుగాటి గది, ఎనిమిది టైపు మిషన్లు. వాటికి నంబర్లు ఉండేవి కాని ఆవిడ ఎప్పుడూ నంబరుతో పిలవలేదు. స్పేస్ బార్ నొక్కినప్పుడల్లా దగ్గినట్టు చప్పుడు చేసేది దగ్గుది. గట్టిగా కొడితే అలిగి ఆగిపోయేది కొత్తకోడలు. ఎంత కొట్టినా అక్షరం సగమే పడేది మొండిది. కొత్తగా చేరినవాళ్ళను మొండిదాని ముందే కూర్చోబెట్టేవారు. "నెల్రోజులు దీంతో పడు. తర్వాత లోకంలో ఎవరితోనైనా పడగలవు," అనేవారు. మా చేతుల మీద తుండు కప్పి, వెనక నిలబడి, "కళ్ళు కాగితం మీద, వేళ్ళు వాటింట్లో అవి" అంటూ ఉండేవారు. నేను కొన్నాళ్ళు రోజూ ఆ మాట వింటూ సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇంట్లో కన్నా ఆ తుండు కిందే నా చేతులకు హాయిగా ఉండేది.

తెనాలిలో సిస్టర్ల బడిలో, హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అక్కడ నాకు అబ్బినవి రెండు. ఒకటి పుస్తకాలు. రెండోది, అడిగితే తప్ప మాట్లాడకపోవడం. డిగ్రీ అయ్యాక రేపల్లెలో ఇంటికొచ్చి ఉన్నాను. మా ఇంట్లో ఏ పని వచ్చినా, "దానికేం, అది ఖాళీగానే ఉందిగా" అనేవారు. పక్కింటి పాపను బడి నుంచి తేవాలన్నా, ఎవరికైనా జ్వరమొస్తే పక్కన కూర్చోవాలన్నా అదే మాట. అందులో చెడ్డ ఉద్దేశం ఉండేది కాదు. అందుకే దానికి బదులు చెప్పడం కుదిరేది కాదు.

సంగం జాగర్లమూడిలో ఒంటరిగా ఉండే మా మేనత్త వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎవరో ఒకరు వెళ్ళి ఆమె దగ్గర ఉండాలి. ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి నా మొహం చూశారు. "వేసవి దాకా ఎవరినో ఒకరిని మాట్లాడి పెడదాం. ఈలోపు నీకు ఉద్యోగం వస్తే సరే. లేకపోతే నువ్వే వెళ్ళాలమ్మా," అన్నాడు నాన్న. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

టీచరుగారి దగ్గరికి కంప్యూటరు వచ్చింది అప్పుడే. తొంభైలు సగానికి వచ్చాయి, తెనాలిలో రెండు మూడు చోట్ల కంప్యూటర్లు నేర్పుతున్నారు, టైపుకు పిల్లలు తగ్గుతున్నారు. ఆవిడ తెనాలి నుంచి కంప్యూటరును కారులో వెనక సీటు మీద పెట్టి, పక్కన కూర్చుని, దారంతా చేత్తో పట్టుకుని తెచ్చారు. దాంతో పాటు తెలుగులో పనిచేసే సాఫ్ట్‌వేర్ డబ్బాలు నాలుగు వచ్చాయి. నాలుగూ ఒకే కంపెనీవి. మొదటిది వర్ణిక. రెండోది వర్ణిక ప్లస్. మూడోది వర్ణిక ప్రో. నాలుగోది వర్ణిక ఆఫీస్. ఏది తెరిచినా ముందు వచ్చే పేజీ ఒకటే: నీలం తెర, మధ్యలో 'వర్ణిక'.

రెండో వారంలోనే పెనుమూడి నుంచి రైతు సంఘం పెద్దాయన ఒక ఫ్లాపీ తెచ్చారు. అందులో సభ్యుల జాబితా ఉంది, అచ్చు తీసివ్వాలి. అది వేరే ఊళ్ళో వర్ణికలో కొట్టించినది. ప్లస్ అంటే వర్ణిక కన్నా పెద్దదే కదా అని టీచరుగారు ప్లస్‌లో తెరిచారు. తెర నిండా కోడి గీరినట్టు గీతలు, కొమ్ములు, సున్నలు.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఇందులో నేనెక్కడున్నానమ్మా?" అన్నారు.

"ఏమోనండి. ఆ మూడో వరసలో పెద్ద కొమ్ము మీరే అయ్యుండచ్చు," అన్నారు టీచరుగారు.

ఆయన నవ్వారు కాని ఆవిడ నవ్వలేదు. కిందికి దిగి మందుల షాపులోంచి తెనాలి డీలరుకు ఫోను చేశారు. మేం మెట్ల మీద వరసగా కూర్చుని ఈవైపు మాటలు విన్నాం.

"ప్లస్ అంటే మామూలు దానికి ఇంకొంచెం కలిపిందే కదయ్యా?... కాదా? వేరేదా? మరి ప్లస్ అని ఎందుకు పెట్టారు?... అచ్చుకేనా. మరి ఉత్తరం ఎందులో రాయాలి?... మామూలు దాంట్లోనా. సరే, ఆఫీస్ అని ఒకటి పంపావుగా. ఏం, ఆఫీసుల్లో ఉత్తరాలు రాయరా?... గళ్ళు మాత్రమేనా. పోనీ, ప్రో అంటే ఏంటి నాయనా?... చిరునామాలా? చిరునామాలకి ప్రో ఏంటి?... నీకూ తెలీదా! పెట్టినవాడికన్నా తెలుసా?"

పైకి వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో, దెబ్బలకు కట్లు అంటించే తెల్ల ప్లాస్టరు చుట్ట ఉంది. కత్తెరతో ముక్కలు చేసి, నాలుగు డబ్బాల మీద పేర్లు కప్పేస్తూ అంటించారు. ఫ్లాపీల మీద కూడా. వాటి మీద తన గుండ్రటి చేతిరాతతో రాశారు: ఉత్తరాలది. అచ్చుది. చిరునామాలది. గళ్ళది.

"ఇవాళ్టి నుంచి ఈ గదిలో ఎవరన్నా డబ్బా మీద పేరు పలికారో, వారం రోజులు మొండిదాని దగ్గరే. పేరుతో మనకేం పని? అదేం పని చేస్తుందో చెప్పండి, చాలు," అన్నారు.

మాకు ఎంతో బాగుంది. ఆ తర్వాత మా గదిలో ఒక్క ఫ్లాపీ కూడా తారుమారు కాలేదు. నాకు గళ్ళది బాగా పట్టుబడింది. ఎంత పొడుగు జాబితానైనా రెండు మీటలు నొక్కి వరసలో పెట్టేయడం నేర్చుకున్నాను. "దాంట్లో నీ చెయ్యి నాకన్నా ముందు నడుస్తోందే," అన్నారు ఒకరోజు. ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

వేసవిలో బాపట్లలో ఒక రొయ్యల కంపెనీ ఆఫీసుకు కంప్యూటరు తెలిసిన అమ్మాయి కావాలని తెలిసింది. నాన్న తీసుకెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల మేనేజరుగారు మర్యాదగానే అడిగారు.

"వర్ణిక ఆఫీస్ వచ్చామ్మా?"

ఏడు నెలలుగా ఆ పేరు నా ముందు ఎవరూ పలకలేదు. నాలుగు పేర్లూ తలలో కలగాపులగమై తిరిగాయి. గళ్ళది ప్లస్సా, ప్రోనా, ఆఫీసా? తెలియనిదాన్ని తెలుసనకూడదని సిస్టర్లు నేర్పారు.

"రాదండి."

"ప్రో?"

"రాదండి."

"పోనీ ప్లస్సన్నా?"

"రాదండి."

"మరి ఏడు నెలల నుంచి ఏం నేర్చుకున్నావమ్మా?"

గళ్ళది అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ గదిలో అది చిన్నపిల్లల మాటలా అనిపించింది. లేచి నిలబడి, నమస్కారం పెట్టి వచ్చేశాను. తలుపు పక్కన ఒకాయన కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద మా గళ్ళదే. చెరువుల జాబితాను వరసలో పెట్టడానికి ఒక్కొక్క పేరూ చెరిపి మళ్ళీ కొడుతున్నాడు. రెండు మీటల పని అది. మేనేజరుగారి బల్ల నాకు వెనక నాలుగడుగుల దూరంలో ఉంది. తిరిగి వెళ్ళి "ఇది నాకు వచ్చండి" అంటే సరిపోయేది. నేను నిలబడ్డాను. ఆయన ఇంకో పేరు చెరిపాడు. నేను బయటికి వచ్చేశాను.

"ఏమన్నారు?" అన్నాడు నాన్న.

"నేనే రాదన్నాను."

మర్నాడు టీచరుగారికి చెప్పడానికి వెళ్ళాను.

"నాలుగింటికీ రాదన్నావా?"

"మూడింటికేనండి. నాలుగోది అడగలేదు."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. వెళ్ళి మొండిదాని ముందు స్టూలు మీద కూర్చున్నారు. పిల్లలందరూ కొట్టడం ఆపేసి చూశారు. "తప్పు నాది అమ్మాయ్. పని నేర్పాను. లోకం పేరు పెట్టి పిలుస్తుందని మర్చిపోయాను," అన్నారు. ఏ పేరు దేనిదో నాలుగూ నాకు చెప్పి, వెంటనే కిందికెళ్ళి బాపట్లకు ఫోను చేశారు. అప్పటికే ఎవరినో తీసుకున్నారట. ఆ ఆదివారం నా పెట్టె సంగం జాగర్లమూడి చేరింది.

కాలవ గట్టు పక్కన ఇల్లు. అత్తయ్య మంచం, ఆ పక్కన నా చాప, ఒక కిటికీ. తెనాలి వెళ్ళే బస్సు గట్టు మీద హారన్ కొట్టినప్పుడల్లా, ఏ బస్సో చూడకుండానే చెప్పగలిగేదాన్ని. తెచ్చుకున్న పుస్తకాలు నెలకే అయిపోయాయి. తర్వాత అలమారలోని పాత పంచాంగాలు చదివాను. అత్తయ్యకు చెవుడు, నాకు మాట రాదు. కొన్ని రోజులు మా ఇద్దరి మధ్య గ్లాసుల చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఒకసారి ఆవిడే అంది: "నన్ను మంచానికి కట్టేశారు, నిన్ను నాకు కట్టేశారు. ఎవరికి వాళ్ళం విప్పుకోలేం."

రెండో వారం టీచరుగారి దగ్గరనుంచి పోస్టుకార్డు వచ్చింది. క్షేమ సమాచారాలేవీ లేవు. "వర్ణిక ఆఫీస్ అంటే ఏంటి? నాకు రాసి పంపకు. రాయడం నీకొచ్చు. పైకి చెప్పు. గట్టిగా." అంతే. తర్వాతి వారం ప్లస్ గురించి. ఆ పై వారం ప్రో. నాలుగూ అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చారు. వారం తప్పలేదు.

కార్డు చూసి పెదాలు కదిపాను. అత్తయ్య కనిపెట్టింది.

"ఏంటే గొణుగుతున్నావ్?"

"గళ్ళదాని పేరు అత్తయ్యా."

"వినపడట్లా. గట్టిగా చెప్పు."

"వర్ణిక ఆఫీస్!"

"అదేంటో చెప్పు మరి."

చెప్పాను. చెవిలో పడేదాకా, అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పాను. కొన్ని వారాలకు ఆవిడకు నాలుగూ వచ్చేశాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ, "అచ్చుదాని పేరేంటే?" అనేది. "ప్లస్ అత్తయ్యా!" అని అరిచేదాన్ని. "అచ్చుదానికి ప్లస్సేంటే, తిక్క సన్నాసులు," అని కాఫీ పూర్తి చేసేది. కార్డు రావడం ఒకరోజు ఆలస్యమైతే నాకన్నా ఆవిడే ముందు పోస్టుమాన్‌ను అడిగేది. తర్వాత తర్వాత తనే మేనేజరుగారయ్యింది. దిండుకు ఆనుకుని, గొంతు మార్చి, "ఏమ్మా, నీకు ఆఫీసొచ్చా?" అనేది. నేను గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, "వచ్చండి!" అనాలి. "నాకు వినపళ్ళా. బయటికి పో, మళ్ళీ రా," అనేది.

అలా పది నెలలు గడిచాయి. బాపట్ల ఆఫీసులో నా బదులు తీసుకున్న అమ్మాయి మానేసిందని టీచరుగారు కార్డు రాశారు. ఆవిడ ప్రతి నెలా అక్కడికి ఫోను చేసి అడుగుతూనే ఉన్నారని మేనేజరుగారే తర్వాత చెప్పారు. అప్పటికి అత్తయ్య కర్ర పట్టుకుని వాకిలిదాకా నడుస్తోంది. నన్ను పంపడానికి నాన్న వెనకాడాడు. "అది ఖాళీగా ఉందని ఇంకా అనుకుంటున్నావేంట్రా?" అంది అత్తయ్య, తమ్ముడి మీద కర్ర ఊపి.

అదే గది, అదే బల్ల. "వర్ణిక ఆఫీస్ వచ్చామ్మా?"

"వచ్చండి!"

తలుపు దగ్గరి ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. మేనేజరుగారు కుర్చీలో కొంచెం వెనక్కి జరిగారు. "నాకు వినపడుతుందమ్మా," అన్నారు. ఆ పూటే పని మొదలుపెట్టాను.

రేపల్లె వెళ్ళి చెబితే టీచరుగారు ఒక్కటే అడిగారు. "ఎంత గట్టిగా అన్నావ్?"

"అత్తయ్యకి చెప్పినంతండి."

"చాల్లే," అని తుండు తీసి పక్కమ్మాయి చేతుల మీద కప్పారు. ఆ రోజు చూశాను, డబ్బాల మీద పాత ప్లాస్టర్లు పీకేసి కొత్తవి అంటించారు. ఒక్కో దాని మధ్యలో అడ్డంగా గీత. గీత పైన మా పేరు, కింద లోకం పేరు. కొత్త పిల్లల చేత రెండూ పైకి చెప్పించాక గాని ఫ్లాపీ చేతికివ్వడం లేదట.

మంగళవారం సాయంత్రానికి రేపల్లె చేరాను. అప్పటికే అన్నీ అయిపోయాయి. ఆవిడ చెల్లెలు తాళం చెవి నా చేతికిచ్చి, ఒకసారి పైకి వెళ్ళి చూసిరా అన్నారు. మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి, దగ్గుది, మొండిది, కొత్తకోడలు, అన్నీ ఒకేలా. నా వెనకే ఇద్దరు పిల్లలు మెట్లెక్కి వచ్చారు. కంప్యూటరు పక్కన, తెరవని కొత్త డబ్బా ఒకటి ఉంది.

"మొన్న తెనాలి నుంచి వచ్చిందక్కా," అంది చిన్నమ్మాయి. "ఇదేం పని చేస్తుంది?"

డబ్బా మీద ప్లాస్టరు అప్పటికే అంటించి ఉంది. అంచులు గోటితో గట్టిగా నొక్కి ఉన్నాయి. మధ్యలో గీత గీసి ఉంది. గీత కింద ఆ గుండ్రటి రాతలో 'వర్ణిక ప్రో ప్లస్' అని ఉంది. గీత పైన ఇంకా ఏమీ రాయలేదు.