శ్రుతి ఇచ్చింది ఎవరు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఫ్యాను చప్పుడులో నా మాట కలిసిపోతుంది. ముందే చెబుతున్నాను, దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. శ్మశానం గోడ పక్కన కిరాయి ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. ఒక్కనాడు కూడా వాళ్ళకు తాయెత్తు కట్టలేదు.

మా అన్న మల్లేశం బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. వాళ్ళ సూపర్‌వైజరు దగ్గర ఒక పాత క్యాసెట్ ఉండేది. అమెరికాలో నల్లవాళ్ళు వీధి మూలల్లో నిలబడి, వాయిద్యం లేకుండా, తాళమూ తీగా అన్నీ నోటితోనే పలికించిన పాటలు. డూవాప్ అంటారట. అన్నకు ఆ పిచ్చి పట్టుకుంది. అక్కడే పనిచేసే మా ఆయన్నీ, యాదగిరినీ, డేవిడ్‌నీ పోగుచేసి అన్నాల వేళ పాడించేవాడు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు "దుమ్ దుమ్, షూబా షూబా".

మొదట్లో జనం నవ్వారు. పెళ్ళిళ్ళకు వెళ్తే, "ఏందన్నా, బాజా ఇంట్ల మరిచొచ్చిన్రా?" అనేవాళ్ళు. పోనుపోను ఆ నలుగురి కోసమే కబురు పెట్టేవాళ్ళు. డీజేలు వచ్చాక పెళ్ళిళ్ళు తగ్గిపోయాయి. అప్పుడు హైటెక్ సిటీ ఆఫీసులు పిలవడం మొదలైంది. నల్లకోట్లు కుట్టించుకుని అద్దాల మేడల్లో పాడారు.

వాయిద్యం లేదు కదా, మొదటి స్వరం అన్నే ఇచ్చేవాడు. గొంతులో సన్నగా "ఊఁ" అంటే ముగ్గురూ అందుకునేవాళ్ళు. ముందు వరసలో కూర్చున్న మాకు కూడా అది వినపడేది కాదు.

పోయిన ఎండాకాలం అన్న గుండె ఆగి పోయాడు. మా ఆయన పాట మానేశాడు. ఇంట్లో మాట కూడా తగ్గించాడు. చివరికి మిగతా ఇద్దరి పోరు పడలేక ఒక ఆఫీసు వేడుకకు ఒప్పుకున్నాడు.

"ఇది కుదిరితే సరే. లేకుంటే ఇగ పాట బందే," అన్నాడు నాతో.

శ్రుతి కోసం ఫోనులో ఏదో పెట్టుకుని సాధన చేశారు. ఆరోజు నేనూ వెంట వెళ్ళాను.

గేటు దగ్గర ఫోన్లు తీసి పక్కన పెట్టించారు. దాంతో శ్రుతి కూడా పోయిందని మాకెవరికీ తట్టలేదు. భోజనాల వేళ, హాలు నిండా జనం. స్టేజి ఎక్కాక మా ఆయన జేబు తడుముకున్నాడు. ఫోను లేదు. నావైపు చూశాడు. ఇంతమందిలో నవ్వులపాలైతే ఈ మనిషి మళ్ళీ నోరు తెరవడనుకుని కుర్చీలోంచి సగం లేచాను.

కాసేపటికి ముగ్గురూ ఒక్కసారే ఎత్తుకున్నారు. వెంట్రుకవాసి తేడా లేదు. హాలంతా లేచి నిలబడింది.

కిందికి దిగాక మా ఆయన యాదగిరి వీపు తట్టాడు. "బతికించినవ్ రా. మంచి శ్రుతి ఇచ్చినవ్."

"నేనెక్కడ ఇచ్చిన అన్నా? డేవిడ్ గాడు గదా."

డేవిడ్ తాగుతున్న నీళ్ళ సీసా దించాడు. "పరాచకాలు వద్దన్నా. నాకు మీ దిక్కు నుంచే ఇనవడ్డది."

ముగ్గురూ విన్నారు. ముగ్గురిలో ఎవరూ ఇవ్వలేదు. ఆ తరవాత ఎవరూ అన్నం ముట్టలేదు.

ఆఫీసువాళ్ళు తీసిన వీడియో తరవాత డేవిడ్‌కు పంపారు. అందులో పాట వినపడుతుంది గానీ శ్రుతి వినపడదు. అలవాటు కొద్దీ ముగ్గురూ ఎడమ చివర ఒక మనిషి పట్టే చోటు వదిలి నిలబడ్డారు. పాటకు ముందు మూడు తలలూ ఒకేసారి ఆ ఖాళీ వైపు తిరిగాయి. తిరిగి, కిందికి వంగాయి. మా అన్న పొట్టివాడు, వాళ్ళ భుజం దాటడు. సరిగ్గా అంత ఎత్తుకే చెవులు ఒగ్గారు. తలలూపి, పాట మొదలుపెట్టారు.

వంగినట్టు వాళ్ళలో ఒక్కరికీ గుర్తు లేదు.

నేను వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. మా ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకుని, "పాపం, మీ అన్న ఇంకెన్నిసార్లని వస్తడే?" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఎడమ చోట తనే నిలబడి శ్రుతి ఇస్తున్నాడు. పాట ఆగలేదు.

అంతా అలవాటేనని మా చిన్నవాడు అంటాడు. అలవాటు మెడను వంచుతుందేమో, ఒప్పుకుంటాను. ముగ్గురి చెవుల్లో ఒకే స్వరం ఎవరు వేశారు? నాకిప్పటికీ తెలియదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. పిలిస్తే పలికే గొంతులు మీ గడప లోపల ఎప్పుడూ నిండుగా ఉండాలి.